వినేవాడి చోటు నుంచి: రాక్ కచేరీలకు అభిమానులు చేసుకున్న రికార్డింగులు

(హనుమకొండలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ఎండ తగ్గకముందే వచ్చి కూర్చున్న మీ అందరికీ నమస్కారం.

నా చేతిలో ఉన్నది 90 నిమిషాల క్యాసెట్టు. ముందు వరుసలో కూర్చున్న పిల్లలు ఇటువంటిదాన్ని ఇంట్లో అటక మీద చూసి ఉంటారు గాని, ఇది పాడుతుండగా విని ఉండరు. ఇది 1989లో నా దగ్గరికి వచ్చింది. అప్పుడు నేను ఈ ఊళ్లోనే ఇంజనీరింగు చదువుతున్నాను. మాకన్నా మూడేళ్లు ముందు చదివి ఎం.ఎస్. కోసం అమెరికా వెళ్లిన ఒక అన్న, సెలవులకు ఇంటికి వస్తున్న మరొకాయన సూట్‌కేసులో, మడతపెట్టిన చొక్కాల మధ్య పెట్టి రెండు క్యాసెట్లు పంపాడు. అట్ట మీద బాండు పేరు కన్నా పెద్ద అక్షరాలతో ఒక తేదీ, ఒక హాలు పేరు, ఒక ఊరి పేరు రాసి ఉన్నాయి. వాటి కింద సన్నని అక్షరాలతో ఒకదాని మీద 'ప్రేక్షకుల టేపు, నాలుగో తరం' అనీ, రెండోదాని మీద 'మిక్సరు టేపు, మూడో తరం' అనీ ఉంది. దుకాణంలో కొన్న క్యాసెట్టు మీద గాయకుడి బొమ్మ, కంపెనీ ముద్ర, ధర ఉండడమే అప్పటిదాకా నాకు తెలిసిన పద్ధతి. ఈ పాట ఏ రోజున, ఏ గదిలో పుట్టింది, ఎవరి చేతుల మీదుగా ఎన్ని నకళ్లు దాటి నా దాకా వచ్చింది అని ఒక క్యాసెట్టు నాతో చెప్పడం అదే మొదటిసారి.

ఆ బాండు పేరు గ్రేట్‌ఫుల్ డెడ్. 1965లో కాలిఫోర్నియాలో మొదలై, ప్రధాన గిటారిస్టు జెర్రీ గార్సియా 1995 ఆగస్టులో కన్నుమూసేదాకా ముప్ఫై ఏళ్లలో దాదాపు 2,300 కచేరీలు చేసింది. నా చేతికి వచ్చిన రెండు టేపులూ ఒకే రాత్రివి. 1977 మే 8న న్యూయార్క్ రాష్ట్రంలో ఇథాకా అనే చిన్న ఊళ్లో, కోర్నెల్ విశ్వవిద్యాలయంలోని బార్టన్ హాలులో జరిగిన కచేరీ అది. బార్టన్ హాలు సంగీతం కోసం కట్టినది కాదు. విద్యార్థులకు సైనిక శిక్షణ ఇచ్చేందుకు కట్టిన పెద్ద షెడ్డు వంటిది. మే నెలలో కూడా ఆ రాత్రి అక్కడ మంచు కురిసిందని ఆ కచేరీకి వెళ్లినవారు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒకే రాత్రిని ఒకే ఊళ్లో రెండు చోట్ల నుంచి వినే అవకాశం నాకు అట్లా దొరికింది. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆ రెండు టేపులను హాస్టలు గదిలో మార్చి మార్చి వింటూ మొదలైన ఆలోచనే.

మొదట రెండింటి తేడా చెబుతాను. వేదిక మీద పాడేవారి మైకులు, గిటార్లు, డ్రమ్ములు అన్నీ తీగల గుండా ఒక మిక్సరుకు చేరతాయి. ఆ మిక్సరు నుంచి నేరుగా టేపులోకి ఎక్కించినది మిక్సరు టేపు. అభిమానులు దానిని సౌండ్‌బోర్డు టేపు అంటారు. హాలులో జనం మధ్య నిలబడిన ఒక మనిషి తన సొంత మైకు పైకెత్తి, తన సొంత టేపురికార్డరులో పట్టినది ప్రేక్షకుల టేపు. కోర్నెల్ రాత్రి మిక్సరు టేపును ఆ బాండు శబ్దగ్రాహకురాలు బెట్టీ కాంటర్ రికార్డు చేశారు. ఆమె పని ఎంత గొప్పదంటే, 2011 సంవత్సరపు జాబితాలో భాగంగా అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ రికార్డింగును జాతీయ శబ్ద సంపదగా ఎంచి భద్రపరిచింది. ఏళ్ల తరబడి అభిమానుల చేతుల్లో తిరిగిన తరువాత, 2017లో అది అధికారికంగా అచ్చయింది.

మిక్సరు టేపులో ప్రతి తీగ మోత విడివిడిగా వినబడుతుంది. గాయకుడు మన చెవి దగ్గరికి వచ్చి పాడుతున్నట్టు ఉంటుంది. కానీ హాలు ఉండదు. జనం ఎక్కడో గోడ అవతల ఉన్నట్టు ఉంటారు. ప్రేక్షకుల టేపు పెట్టగానే గది విచ్చుకుంటుంది. బేసు గిటారు మోత ఆ పొడవాటి హాలు చివరిదాకా పోయి తిరిగి వస్తుంది. ఒక పాట ఇంకొక పాటలోకి ఎప్పుడు దొర్లబోతున్నదో జనం ముందే పసిగట్టి, ఆ మలుపు రాకముందే కేక పెడతారు. నకలుకు నకలు తీస్తూ వచ్చిన నాలుగో తరం టేపు కనుక అంతా కొంచెం ముసుగు వేసినట్టుంది, వెనుక నుంచి వాన పడుతున్నట్టు సుయ్యిమనే చప్పుడు వస్తూనే ఉంటుంది. అయినా హాస్టలు గదిలో మేము నలుగురం ఎక్కువసార్లు విన్నది ఆ ముసుగు వేసిన టేపునే. ఎందుకో అప్పుడు చెప్పలేకపోయాం. పాడినవారి చోటు నుంచి చేసిన రికార్డింగులు లోకంలో ఎన్నో ఉన్నాయి, వినేవాడి చోటు నుంచి చేసినవి మటుకు అభిమానులే చేసుకోవాలి అని ఇప్పుడు చెప్పగలను.

ఈ అలవాటు ఎట్లా వచ్చిందో కొంచెం చెప్పుకుందాం. ఫిలిప్స్ సంస్థ క్యాసెట్టును 1963లో బయటికి తెచ్చింది. అంతకుముందు రీలు యంత్రాన్ని కచేరీకి మోసుకుపోవడం అంటే చిన్న ట్రంకు పెట్టె మోసినంత పని. గార్సియా స్వయంగా ఆ పని చేసినవాడు. 1964లో, ఇంకా పేరు ప్రతిష్ఠలు రాకముందు, బ్లూగ్రాస్ అనే పల్లె సంగీతం పాడేవారి కోసం ఒక స్నేహితుడితో కలిసి కారులో వందల మైళ్లు తిరిగి, వారి కచేరీలను టేపులో పట్టుకుని వచ్చాడు. తరువాత తన కచేరీలకే మైకులు పట్టుకుని వచ్చే పిల్లలను అతడు దొంగలుగా చూడకపోవడానికి ఆ పాత ప్రయాణం ఒక కారణమని నేను అనుకుంటాను. తాము వాయించి ముగించిన తరువాత ఆ సంగీతం విన్నవారిదే అనే అభిప్రాయాన్ని అతడు పలుమార్లు వెల్లడించాడు. 1971 ఆగస్టు 6న హాలీవుడ్ పల్లాడియంలో చేసిన ఒక ప్రేక్షకుల టేపులో ఆ బాండులోని మరో గిటారిస్టు బాబ్ వీర్ మాటలు స్పష్టంగా వినబడతాయి. మైకు పట్టుకుని ముందు నిలబడిన కుర్రవాడిని చూసి, మంచి రికార్డింగు కావాలంటే నలభై అడుగులు వెనక్కి పో, అక్కడ బాగా వినబడుతుంది అని వేదిక మీది నుంచే సలహా చెబుతాడు. వద్దని కేకలు వేయకుండా చోటు చెప్పిన ఆ ఒక్క మాట నాకు ఎంతో ఇష్టం.

అందరూ అట్లా లేరు. లెడ్ జెప్పెలిన్ బాండు వ్యవహారాలు చూసే పీటర్ గ్రాంట్ రికార్డింగు యంత్రం కనబడితే విరగ్గొట్టేవాడని పేరు. 1971లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక మనిషి యంత్రాన్ని అట్లాగే ధ్వంసం చేయించాడు. తీరా చూస్తే అది శబ్ద కాలుష్యాన్ని కొలవడానికి ప్రభుత్వం తరఫున వచ్చిన ఉద్యోగి పరికరం. అంత కాపలా మధ్య కూడా పట్టినవారు పట్టారు. లాస్ ఏంజెలెస్‌లో ఒక అభిమాని నకమిచి కంపెనీ క్యాసెట్టు రికార్డరును చక్రాల కుర్చీ కింద దాచి, తానే ఆ కుర్చీలో కూర్చుని, స్నేహితుడి చేత తోయించుకుంటూ లోపలికి పోయేవాడు. అతడు నడవగలిగినవాడే. 1977 జూన్‌లో అదే బాండు అక్కడి ఫోరం హాలులో ఆరు రాత్రులు వాయించినప్పుడు, 21వ తేదీ రాత్రిని అతడు పట్టిన టేపు ఇప్పటికీ ఆ బాండు కచేరీ రికార్డింగులన్నిటిలో మేలైన వాటిలో ఒకటిగా లెక్క. ఆ డ్రమ్ముల మోతను విన్నవారు దానిని ప్రేక్షకుల టేపు అంటే నమ్మరు.

ఈ దాగుడుమూతల నుంచి గ్రేట్‌ఫుల్ డెడ్ అభిమానులకు విముక్తి దొరికింది 1984 అక్టోబరులో. అప్పటికి మైకు స్టాండ్లు ఎంతగా పెరిగిపోయాయంటే, హాలు మధ్యలో కూర్చుని మిక్సరు నడిపే ఇంజనీరుకు వాటి అడవిలో నుంచి వేదిక కనబడని పరిస్థితి వచ్చింది. అందరినీ బయటికి గెంటివేయడానికి మారుగా, ఆయన వెనుక వైపున టేపర్లకని, అంటే ఇట్లా టేపులు పట్టేవారికని, కొన్ని వరుసలు కేటాయించి, వాటికి విడిగా టిక్కెట్లు అమ్మడం మొదలుపెట్టారు. అనుమతికి బదులుగా వారు కోరినది ఒక్కటే: ఈ టేపులను డబ్బుకు అమ్మకూడదు.

ఆ ఒక్క షరతు మీద ఒక పెద్ద లోకం నిలబడింది. మీకు ఒక కచేరీ టేపు కావాలంటే, అది ఉన్న మనిషికి రెండు ఖాళీ క్యాసెట్లు, తిరుగు తపాలా బిళ్లలు పెట్టి పంపాలి. అతడు నకలు చేసి పంపుతాడు. అతనికి మీరు బాకీ పడ్డారు కనుక రేపు ఇంకొకరు మిమ్మల్ని అడిగినప్పుడు మీరు చేసి పెట్టాలి. ఎవరూ ఎవరినీ చూసి ఎరుగరు. మా సీనియరు అన్నకు ఆ టేపులు ఇచ్చిన మనిషి అతని పక్క గదివాడు, అతనికి ఇచ్చింది వేరే రాష్ట్రంలో ఉన్న ఒక బడిపంతులు, ఆయనకు ఇచ్చిన మనిషి పేరు అట్ట మీద పొడి అక్షరాలుగా మిగిలింది. మన పల్లెల్లో వరి విత్తనం చేతులు మారే తీరు నాకు గుర్తుకు వస్తుంది. ఒక కుంచెడు తీసుకున్న రైతు పంట వచ్చిన తరువాత అడిగినవారికి ఒక కుంచెడు కొలిచి ఇచ్చేవాడు.

ప్రతి నకలుకూ టేపు కొంచెం చెడుతుంది. సుయ్యిమనే చప్పుడు ఒక పొర పెరుగుతుంది, తాళాల మెరుపు ఒక పొర తగ్గుతుంది. అందుకే 'నాలుగో తరం' అని నిజాయితీగా రాయడం ఆ లోకంలో మర్యాద. నాలుగో తరాన్ని రెండో తరమని చెప్పుకున్నవాడి మాట ఆ తరువాత ఎవరూ నమ్మేవారు కారు. 1980ల చివర డాట్ అనే డిజిటల్ టేపు వచ్చిన తరువాత నకలుకూ అసలుకూ తేడా పోయింది. 2002లో ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ, బాండ్ల అనుమతితో, ఇటువంటి రికార్డింగులకు విడిగా ఒక భాండాగారం తెరిచింది. ఇప్పుడు అందులో వేల బాండ్లవి రెండు లక్షలకు మించిన కచేరీలు ఉచితంగా దొరుకుతాయి. అప్పుడు కూడా ఒక తగవు వచ్చింది. 2005 నవంబరులో గ్రేట్‌ఫుల్ డెడ్ తరఫువారు తమ టేపులన్నిటినీ డౌన్‌లోడు చేసుకోకుండా ఆపివేశారు. అభిమానులు నిరసన తెలిపారు, బాండులోని బేసిస్టు ఫిల్ లెష్ కూడా వారి పక్షాన మాట్లాడారు. కొద్ది రోజుల్లోనే ప్రేక్షకుల టేపులను మళ్లీ తెరిచారు, మిక్సరు టేపులను అక్కడే వినడానికి మాత్రం ఉంచారు. ఎవరి మైకుతో పట్టినది వారిది అనే ఆ తీర్పు నాకు న్యాయంగానే తోస్తుంది.

పాట రికార్డులో గట్టిపడకముందు ఎట్లా ఉండేదో ఈ టేపులు చెబుతాయి. పింక్ ఫ్లాయిడ్ బాండు 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' ఆల్బమును 1973 మార్చిలో విడుదల చేసింది. కానీ ఆ రచన మొత్తాన్ని 1972 జనవరి నుంచే వేదికల మీద వాయిస్తూ వచ్చింది. ఆ ఏడాది జనం మధ్య నుంచి పట్టిన టేపులు వింటే ఆశ్చర్యం వేస్తుంది. ఆల్బములో సింథసైజరు యంత్రం పరుగెత్తే చోట, అప్పట్లో గిటారు, కీబోర్డుల మామూలు వాయింపు ఉండేది. ఆల్బములో ఒక స్త్రీ కంఠం మాటలు లేకుండా ఏడ్చినట్టు పాడే చోట, అప్పట్లో ఆర్గన్ మీద బైబిలు పఠనాలు వినిపించేవారు. ప్రపంచమంతా కంఠస్థం చేసిన ఒక రచన ఏ ఏ దారులు తొక్కి, ఏవి వదిలేసి ఆ రూపానికి వచ్చిందో మనకు తెలిసేది ముఖ్యంగా కోటు లోపల మైకు దాచుకుని వెళ్లిన కొందరి వల్ల. పాఠభేదాలు వెదికే తెలుగు పండితులు ఇక్కడ కూర్చుని ఉన్నారు కనుక చెబుతున్నాను: పోతన భాగవతానికి తాళపత్ర ప్రతులు ఎటువంటివో ఈ సంగీతానికి ఈ టేపులు అటువంటివి. పైగా ఇక్కడ ప్రతి ప్రతికీ తేదీ ఉంది.

బాండ్లు కూడా క్రమంగా దీని విలువ గుర్తించాయి. అభిమానిగా టేపులు కూడబెట్టిన డిక్ లట్వాలా అనే ఆయననే గ్రేట్‌ఫుల్ డెడ్ తమ టేపుల గదికి బాధ్యుడిగా నియమించుకుంది. 1993 నుంచి ఆయన ఎంచిన కచేరీలు ఆయన పేరు మీదనే వరుసగా విడుదలయ్యాయి. పెర్ల్ జామ్ బాండు తమ 2000 సంవత్సరపు యాత్రలో 72 కచేరీలను ఒక్కొక్కటిగా అచ్చు వేసింది. 2009లో రేడియోహెడ్ ప్రాగ్ నగరంలో వాయించినప్పుడు దాదాపు యాభై మంది అభిమానులు తలా ఒక కెమెరాతో తలా ఒక మూల నుంచి చిత్రీకరించి ఒక్క సినిమాగా కూర్చారు. బాండు తమ మిక్సరు శబ్దాన్ని వారికి ఇచ్చి, ఉచితంగా పంచుకొమ్మన్నది. ఇవి నేను వేగంగా చెప్పి వదిలేస్తున్నాను, ఎందుకంటే నా మనసు ఇంకా ఆ ఒంటరి మైకు దగ్గరే ఉంది.

ఆ మైకు ఎక్కడ పెట్టాలన్నది ఒక విద్య. టేపర్లు తరచుగా వాడే ఒక అమరిక ఫ్రాన్సు రేడియో ఇంజనీర్లు తయారు చేసినది. రెండు మైకుల మొనల మధ్య 17 సెంటీమీటర్ల దూరం ఉండాలి, రెండూ బయటి వైపుకు 110 డిగ్రీల కోణంలో తెరుచుకుని ఉండాలి. 17 సెంటీమీటర్లు ఎందుకంటే, మనిషి రెండు చెవుల మధ్య ఉండే దూరం ఇంచుమించు అంత. ఇదిగో, ఈ చెక్క పట్టీ మీద నేను అట్లా బిగించుకుని తెచ్చాను. దీన్ని జనం తలల కన్నా ఎత్తుగా, రెండు వైపుల స్పీకర్లకూ సమాన దూరంలో నిలబెట్టాలి. బాగా ముందుకు పోతే ఒక వైపు స్పీకరు మింగేస్తుంది, బాగా వెనక్కి పోతే మాటలు కరిగిపోతాయి. ఆ తరువాత అన్నిటికన్నా కష్టమైన పని రెండు గంటలు కదలకుండా ఉండడం. తనకు ప్రాణమైన పాట వస్తుంటే టేపరు చప్పట్లు కొట్టడు, వెంట పాడడు. తన చేతి చప్పట్లు మైకుకు అందరికన్నా దగ్గరగా ఉంటాయి కనుక, వాటిని వినబోయేవారి కోసం ఆపుకుంటాడు.

నేను ఈ పని ఒక్కసారే చేశాను, అదీ సరిగ్గా చేయలేదు. 1992 ఫిబ్రవరిలో మా కళాశాల ఆవరణలో, చెట్ల మధ్య ఉన్న ఆరుబయలు వేదిక మీద, మా విద్యార్థుల బాండు ఒకటి వాయించింది. ఇద్దరు గిటారిస్టులు, ఒక బేసిస్టు, అద్దెకు తెచ్చిన డ్రమ్ములు. నా దగ్గర ఒకే మైకు. దానిని వెదురు కర్రకు కట్టి, మూడో మెట్టు మీద నిలబెట్టి, నా పక్కన కూర్చున్న మిత్రుడి చేతికి ఇచ్చాను. రికార్డరును ఆరు పెద్ద సెల్లుల మీద నడిపాను. మొదటి నలభై అయిదు నిమిషాలు బాగానే సాగింది. టేపు రెండో వైపుకు తిప్పిన తరువాత మూడో పాట నడుమ కరెంటు పోయింది.

దీపాలు ఆరిపోయాయి, గిటార్లు చచ్చిపోయాయి, మైకు పోయింది. మిక్సరు దగ్గర రికార్డు చేస్తున్న మా సీనియరు డెక్కు కూడా అక్కడికక్కడే ఆగిపోయింది. అతని టేపులో ఆ సాయంత్రం ఒక మాట మధ్యలో ముగుస్తుంది. కానీ డ్రమ్ములకు కరెంటుతో పని లేదు. డ్రమ్మరు ఆపలేదు. నా రికార్డరు సెల్లుల మీద నడుస్తూనే ఉంది. చీకట్లో మొదట ఒక పెద్ద 'ఓ' అనే ధ్వని, తరువాత ఈలలు, తరువాత వెనుక వరుసల్లో ఎవరో డ్రమ్ముల లయ అందుకుని చప్పట్లు మొదలుపెట్టారు. గాయకుడు మైకు లేకుండా, గొంతు చించుకుని పాడుతూ ఉంటే, అతని మాట ముందు వరుసకే చేరుతుంటే, ముందు వరుసవారు దాన్ని అందుకుని వెనక్కి అందించారు. పల్లవి వెనుక వరుసకు చేరేసరికి క్షణం ఆలస్యం అవుతున్నది. ఆ ఆలస్యం టేపులో వినబడుతుంది. పల్లవి నా ఎడమ నుంచి మొదలై తల మీదుగా వెనక్కి పోతుంది. పదకొండు నిమిషాలు అట్లా జరిగింది.

ఆ టేపును నేను తరువాత కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు ఒక విషయం కనిపించింది. కరెంటు మీద నడిచే యాంప్లిఫయర్లు సన్నగా గుయ్యిమంటూ ఉంటాయి. మన దేశంలో ఆ మోత సెకనుకు 50 సార్లు లేదా దాని హెచ్చవేతలుగా వస్తుంది, అమెరికాలో 60. కోర్నెల్ వంటి పాత టేపుల వేగం సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి కూడా ఇటువంటి మోత పనికి వస్తుంది. నా టేపులో అది 50కి బదులు దాదాపు 52గా కనబడింది. అంటే ఆ రోజు సెల్లులు డస్సిపోయి రికార్డరు నెమ్మదిగా నడిచింది, ఇప్పుడు మామూలు వేగంతో వేస్తే పాట వేగంగా, శ్రుతి పైకి పోయి వినబడుతున్నది. మోతను 50కి దించాను, మా గాయకుడి గొంతు అతని గొంతులాగా అయింది. కరెంటు పోయిన క్షణాన ఆ గుయ్యిమనే గీత తెర మీద కత్తిరించినట్టు ఆగిపోతుంది. దాని తరువాత ఉన్నదంతా మనుషుల చప్పుడే.

ఒక తప్పు కూడా చెప్పాలి. క్యాసెట్టు వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు ఉంటాయి. వాటిని విరిచివేస్తే దాని మీద మళ్లీ రికార్డు చేయడం వీలు కాదు. నేను విరవలేదు. ఎవరికో వినమని ఇచ్చిన టేపు చేతులు మారి తిరిగి వచ్చేసరికి, మొదటి వైపు మీద సినిమా పాటలు ఎక్కి ఉన్నాయి. ఆ నలభై అయిదు నిమిషాలు ఇక లోకంలో ఎక్కడా లేవు. రెండో వైపు మటుకు ఎవరూ తిప్పి చూడనందున మిగిలింది. మీ ఇళ్లలో ఏ క్యాసెట్టు అయినా మిగిలి ఉంటే, ఇంటికి పోగానే మొదట ఆ పలుకులు విరిచివేయండి. తరువాత మంచి డెక్కు చూసి, దానిలో టేపును చదివే హెడ్డు పక్కన ఉండే సన్న మరను చిన్న స్క్రూడ్రైవరుతో వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పి చూడండి. ఒక చోట తాళాల చప్పుడు హఠాత్తుగా తేటపడుతుంది. అక్కడ ఆపి కంప్యూటరులోకి ఎక్కించండి. చెడ్డదని పారేయబోయిన టేపులు సగం ఆ మర దగ్గరే బాగుపడతాయి. వానాకాలంలో రీలు మీద తెల్లని బూజు పడితే అట్లాగే వేయకండి, అది హెడ్డుకు అంటుకుని మిగతా టేపులకూ పాకుతుంది.

చట్టం సంగతి అడిగేవారు ఉంటారు కనుక క్లుప్తంగా చెబుతాను. మన 1957 కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణతో ప్రదర్శించేవారికి తమ ప్రదర్శన మీద హక్కు ఏర్పడింది, 2012 సవరణ దానిని ఇంకా గట్టిపరిచింది. అదే చట్టంలో 39వ సెక్షను, సొంతానికి వినడానికి గాని, నిజమైన బోధనకో పరిశోధనకో గాని చేసుకునే రికార్డింగును తప్పుగా చూడదు. అమ్మడం, పాడినవారి అనుమతి లేకుండా లోకానికి పంచడం వేరే విషయం. అందుకే ముందుగా అడగడమే మేలు. నేను చూసినంతలో, తమ పాటను దాచుకుంటామన్న శ్రోతను చాలామంది కళాకారులు కాదనరు.

ఈ మాటలు రాక్ సంగీతంతో ఆగిపోవని మీలో కొందరు ఈపాటికే అనుకుని ఉంటారు. సంక్రాంతి రోజుల్లో మన ఐనవోలుకు వెళ్లి మల్లన్న ఒగ్గుకథ విన్నవారికి, ఒకే కథ ఏ రెండు రాత్రులూ ఒకే తీరుగా ఉండదని తెలుసు. ఎదుట కూర్చున్న జనాన్ని బట్టి డోలు దరువు మారుతుంది, ఒక చోట కథ ఆగి వేళాకోళం సాగుతుంది, ఒక చోట జనంలోంచి వచ్చిన మాటకు కథకుడు జవాబు ఇస్తాడు. జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య గారు 2017లో కన్నుమూశారు. ఆయన వంటి కథకుల కథను స్టూడియోలో గడియారం చూసుకుంటూ రికార్డు చేస్తే కథ మిగులుతుంది గాని ఆ జవాబులు మిగలవు. ఊళ్లో మల్లన్న పేరిట ముగ్గులతో పట్నం వేసిన రాత్రి ఎవరో ముందు వరుసలో చాప మీద పెట్టిన టేపురికార్డరులోనే అవి ఉంటాయి. మీ ఇళ్లలో, మీ మేనమామల ఇళ్లలో అటువంటి క్యాసెట్టు ఒకటి ఉంటే, అట్ట మీద ఏ రోజు, ఏ ఊరు, ఎవరు పాడారు, ఎవరు పట్టారు అన్నది ఇంట్లో పెద్దవారిని అడిగి ఇప్పుడే రాసి పెట్టండి. సమావేశం అయిన తరువాత నా దగ్గరికి తెస్తే, నకలు చేసి, అసలు మీ చేతికే తిరిగి ఇస్తాను. డబ్బు తీసుకోను. రెండు ఖాళీ క్యాసెట్లు కూడా అడగను, ఇప్పుడు అవి దొరకడమే కష్టం కదా.

ఇక మాటలు ఆపి, ఆ 1992 టేపు రెండో వైపు మీకు వినిపిస్తాను. ఆ రోజు పాడిన నలుగురిలో ముగ్గురితో నేను మాట్లాడి అనుమతి తీసుకున్నాను, నాలుగో అతని తరఫున ఆయన భార్య ఒప్పుకున్నారు. వెదురు కర్ర పట్టుకుని నా పక్కన కూర్చున్న మిత్రుడు ఇప్పుడు లేడు. అతడు పాట పాడినవాడు కాడు, వాయించినవాడు కాడు, ఏ రికార్డు అట్ట మీదా అతని పేరు ఉండదు. కానీ కరెంటు పోయిన వెంటనే, మా వెనుక కుర్రాళ్లు అరుస్తుంటే, మైకుకు అందరికన్నా దగ్గరగా ఒక గొంతు వినబడుతుంది. కొంచెం వాల్యూము పెంచండి. ఆ గొంతు అతనిది.

(రికార్డింగు వినిపించారు. చీకట్లో కేకలు, డ్రమ్ముల చప్పుడు. దగ్గర నుంచి, మెల్లగా: "అరే, సప్పుడు చెయ్యకుండ్రి రా. రికార్డయితాంది.")